ఉపాధ్యాయుని మరణమును బాలురకు చూపవచ్చునా?

గత మాసమున మన పాఠశాలలో జరిగిన తలిదండ్రుల సమావేశమున ఒక తల్లి లేచి ఒక ఫిర్యాదు చేసెను. ఆమె పెద్దకూతురు నృత్యము నేర్చుకొనుచున్నది. ఆ పిల్ల ఫోనులో ఒక పాత అమెరికా టెలివిజను నాటకమును చూచుచుండగా, ఏడవ తరగతి చదువుచున్న చెల్లెలును ప్రక్కన కూర్చుండి చూచినదట. అందులో ఒక పాఠశాలలోని ఉపాధ్యాయుడు అకస్మాత్తుగా మరణించును. చిన్నపిల్ల ఆ రాత్రి అన్నము ముట్టలేదు. మఱునాడు బడికి వచ్చి, హాజరు పిలువక ముందే తన ఉపాధ్యాయుని మొగమువంక తేఱిపాఱ చూచి, "మాస్టరుగారూ, మీకు ఒంట్లో కులాసాగా ఉన్నదా?" అని యడిగినదట. సభలో అందఱును నవ్విరి. ఆ తల్లి మాత్రము నవ్వలేదు. "పసిపిల్లలకు ఇటువంటివి చూపవచ్చునా?" అని ఆమె యడిగెను. ఎవ్వరును సరిగా బదులు చెప్పలేదు. నేనును చెప్పలేదు. ఇంటికి పోవు త్రోవలో నాకు తోచిన మాటలను ఇచట వ్రాయుచున్నాను. నేను ఉపాధ్యాయుడను కాను. ఇద్దఱు బిడ్డల తండ్రిని మాత్రమే.

ఆ నాటకము పేరు 'ఫేమ్'. 1980లో అలన్ పార్కర్ అను దర్శకుడు ఈ పేరుతో ఒక చలనచిత్రము తీసెను. దానినుండి పుట్టిన టెలివిజను నాటకము 1982 జనవరి 7వ తేదీన అమెరికాలో ఎన్.బి.సి. సంస్థ ద్వారా ప్రసారము కాజొచ్చి, కొంతకాలమునకు ప్రసారసంస్థ మాఱినను, 1987 వరకు సాగెను. న్యూయార్కు నగరమున సంగీత నృత్య నాటకములను నేర్పుచుండిన ఒక ప్రభుత్వ ఉన్నత పాఠశాలను ఆధారముగా గొని ఈ కథను అల్లిరి. అందు నాటకకళను బోధించు క్రాండల్ అను ఉపాధ్యాయుని పాత్రను మైకేల్ తోమా అను నటుడు ధరించెను. తొలి సంవత్సరపు భాగములు ముగిసి, రెండవ సంవత్సరపు భాగములు వెలువడుటకు ముందు, 1982 సెప్టెంబరులో, ఆ నటుడు నిజముగనే మరణించెను.

నటుడు నడుమ మరణించినపుడు నాటకము నడుపువారికి సులభమైన త్రోవలు పెక్కు కలవు. అదే పాత్రకు వేఱొక నటుని నియమించి, ఏమియు జరుగనట్లు కథ నడపవచ్చును. లేదా, ఆ ఉపాధ్యాయుడు వేఱొక ఊరికి బదిలీయై పోయెనని ఒక్క మాటతో సరిపుచ్చవచ్చును. మన బళ్ళలో బదిలీలకు కొదువ లేదు గనుక, మన కథకులైనచో ఈ రెండవ త్రోవనే పట్టియుందురని నా యనుమానము. 'ఫేమ్' నిర్మాతలు అట్లు చేయలేదు. నటునితోపాటు పాత్రయు మరణించెనని చెప్పి, ఆ దుఃఖమునే ఒక భాగమునకు కథావస్తువుగా గైకొనిరి. ఆ భాగమునకు 'ఎ టఫ్ యాక్ట్ టు ఫాలో' అని పేరు పెట్టిరి. రంగస్థలముపై ఒకడు గొప్ప మెప్పు పొంది దిగిన వెంటనే, అతని తరువాత రంగమెక్కవలసిన వానికి కలుగు కష్టమును తెలుపు పలుకుబడి యది. క్రాండల్ స్థానమునకు డేవిడ్ రియర్డన్ అను క్రొత్త ఉపాధ్యాయుడు వచ్చును.

ఆ పేరు పెట్టుటలో నాకొక న్యాయము కనబడినది. చనిపోయిన వానికొఱకు ఏడ్చుట ఎల్లరకును తెలిసినదే. ఆ కుర్చీలో కూర్చుండవలసి వచ్చిన వాని కష్టము మాత్రము ఎవ్వరికిని తోచదు. అతడు చేసిన తప్పేమియు లేదు. బ్రతికియుండుటయే అతని తప్పు. అతడు నల్లబల్లపై వ్రాసిన ప్రతి యక్షరమును పిల్లలు పాత మాస్టరుగారి యక్షరముతో పోల్చి చూతురు. అతడు పద్యము రాగము తీసి చదివినను తప్పే, తీయకున్నను తప్పే. మంచివాడైనచో ఇంకను కష్టము. ఏలయన, ఆయనను ఇష్టపడుట పాత గురువునకు ద్రోహము చేయుటయే యని పిల్లలు లోలోపల బాధపడుదురు. ఈ బాధను పెద్దలలో ఎవ్వరైనను పేరుపెట్టి చెప్పినచో పిల్లలకు ఎంత తేలికగా నుండునో!

అయినను, ఆ నాటకమును నేను పూర్తిగా మెచ్చుకొనజాలను. వారము వారము ఒక గంట సేపు నడచు నాటకమునకు ఓపిక తక్కువ. ఆ గంటలోనే మరణవార్త రావలెను, ఏడ్వవలెను, పాడవలెను, ఆడవలెను, క్రొత్తవానిపై కోపగింపవలెను, మఱల సమాధానపడవలెను. మఱు వారమునకు వేఱొక కథ సిద్ధము. దుఃఖమునకు వారము దినములే గడువని చూచువారు పొరపడుదురు. నిజమునకు మఱునాడే గంట మ్రోగును, పాఠములు సాగును, పరీక్షల తేదీలు మాఱవు. కాలపట్టిక ఎవ్వరికొఱకును నిలువదన్న మాట నిజమే. కాని పాఠములు సాగుట వేఱు, పిల్లలు మఱచుట వేఱు. ఈ రెంటికిని గల భేదము నాటకములలో తఱుచు కనబడదు.

ఇంకొక లోపమును చెప్పెదను. ఇట్టి కథలలో చనిపోవు ఉపాధ్యాయుడు ఎల్లప్పుడును అందఱకును ప్రీతిపాత్రుడు. బెత్తము పట్టిన మాస్టరు, మాటిమాటికి విసుగుకొను మాస్టరు, చెప్పిన పాఠమునే చెప్పు మాస్టరు - వీరెవ్వరును నాటకములలో మరణింపరు. లోకమునందు మరణమునకు అట్టి యెంపిక లేదు. ప్రేమించిన గురువు పోయినపుడు పిల్లలు ఏడ్చి తేఱుకొందురు. వెక్కిరించిన గురువు పోయినపుడు ఏమి చేయుదురు? ఈ ప్రశ్నకు టెలివిజను నాటకములు బదులు చెప్పినట్లు నేను చూడలేదు. నాకు మాత్రము ఇది నా తొమ్మిదవ తరగతిలోనే ఎదురైనది.

నేను చదివిన బడి ఏదో ఇచట చెప్పను. మన బడివలెనే అదియు తెలుగు రాజభాష కాని చోట నుండెను. తెలుగునకు ఒక్కరే పండితులు. వారు కఠినులు, సంధి తప్పినచో క్షమింపరు. వారి నడకలో ఒక వింత యూపు కలదు. మాలో నొకడు ఆ నడకను అచ్చముగా అనుకరించువాడు. ఒకనాటి సాయంకాలము బడి విడిచిన పిమ్మట వాడు వరండాలో అట్లు నడచి మమ్మందఱను కడుపుబ్బ నవ్వించెను. ఆ సాయంకాలమే పండితులవారు మా వ్యాసరచన పుస్తకములను సంచిలో వేసికొని ఇంటికి కొనిపోయిరి. ఆ రాత్రి వారికి గుండెపోటు వచ్చినది. తెల్లవాఱక మునుపే మరణించిరి.

ఉదయము ప్రార్థనావేళ ప్రధానోపాధ్యాయులు ఆ రాష్ట్రభాషలో ఒక్క వాక్యమును చదివిరి. అందు మరణమునకు వాడిన మాట గొప్ప గౌరవవాచకము. చిన్న తరగతులవారికి అర్థము కాలేదు. రెండు నిమిషములు మౌనము. తరువాత సెలవని చెప్పిరి. సెలవన్న మాట మాత్రము అందఱకును అర్థమైనది. చిన్నపిల్లలు ఒక్క పెట్టున కేకలు వేసి పరుగెత్తిరి. నేను చిన్నవాడను కాకపోయినను వారితోపాటు పరుగెత్తితిని. గేటు దగ్గఱ బంట్రోతు నేలపై కూర్చుండి, తువాలుతో మొగము కప్పుకొని యేడ్చుచుండెను. నా కాళ్ళు అక్కడ ఆగినవి. మా పండితులవారు ఇక రారని నాకు అర్థమైనది ఆ బంట్రోతు మూలముననే. ఉపాధ్యాయులలో ఎవ్వరును మాకు చెప్పలేదు.

ఆ తరువాతను ఎవ్వరును చెప్పలేదు. తెలుగు గంటలో డ్రాయింగు మాస్టరు వచ్చి కూర్చుండి, నిశ్శబ్దముగా చదువుకొనుడని చెప్పుచుండెడివారు. నడకను అనుకరించిన మా మిత్రుడు ఆటలు మానెను; ఎవ్వరితోను కలియకుండెను. మేము చదువుపై శ్రద్ధ యనుకొంటిమి. తాను వెక్కిరించుటచేతనే మాస్టరుగారు చనిపోయినారని వాడు నమ్మెనట. ఈ మాటను చాల సంవత్సరములకు పిదప, మేమిద్దఱమును పెద్దవారమైన తరువాత, ఒక పెండ్లిలో భోజనము చేయుచు నవ్వుచు చెప్పెను. నాకు నవ్వు రాలేదు. తమ తలంపు వలననో, తమ చేష్ట వలననో కీడు జరిగినదని బాలురు నమ్ముట సామాన్యమని మనస్తత్త్వశాస్త్రజ్ఞులు చెప్పుదురు. పదునాలుగేండ్ల వానికిని ఆ భయము తప్పలేదు. "నీ తప్పేమియు లేదు రా, అది గుండెజబ్బు" అని ఒక్కరైన చెప్పియుండినచో ఆ భయము ఆనాడే తీఱియుండును.

ఇట్టి మాటలు చెప్పుటకు మన భాషలో ఒక చిక్కు కలదని నాకు తోచుచున్నది. మరణమును గూర్చి మనకు మాటలు కొదువ లేవు. స్వర్గస్థులైనారు, పరమపదించిరి, దివంగతులైరి, కాలధర్మము చెందిరి, కీర్తిశేషులు - ఇవి యన్నియు సంతాపసభలలో వినుటకు గంభీరముగా నుండును; ఎనిమిదేండ్ల పిల్లవానికి ఒక్కటియు తెలియదు. ఇంటిలో వాడు మాట 'పోయినారు'. అది మరింత చిక్కైనది. సంతకు పోయినవారు వత్తురు, తిరుపతికి పోయినవారు వత్తురు. మాస్టరుగారు మాత్రము పోయి ఏల రారు? "ఎక్కడికి పోయినారు? ఎప్పుడు వత్తురు?" అని పిల్లలు అడుగుదురు. "దేవుని దగ్గఱకు" అని మనము చెప్పుదుము. అంతటితో దేవుడన్నను పిల్లలకు భయమే. పెద్దలను మన్నించునట్టి మాటలు చాల కలిగిన భాషలో, పిల్లలకు ఉన్నదున్నట్లు చెప్పునది 'చనిపోయినారు' అను మాట. దానిని వాడుటకు మనకు నోరు రాదు.

ఈ విషయమున నేను చూచినవానిలో మిక్కిలి మంచి యుదాహరణము పాఠశాల నాటకము కాదు. పసిపిల్లలకొఱకు అమెరికాలో 1969 నవంబరు 10వ తేదీన ఆరంభమైన 'సెసమీ స్ట్రీట్' అను కార్యక్రమము. అందు వీథిలో ఒక చిన్న అంగడి కలదు. దాని యజమాని హూపర్ అను వృద్ధుడు. ఆ పాత్రను విల్ లీ అను నటుడు మొదటినుండియు ధరించెను. ఆయన నటనను బోధించిన గురువు కూడ. ఆ వీథిలో 'బిగ్ బర్డ్' అను పసుపుపచ్చని పెద్ద పక్షి యొకటి కలదు. మనిషికంటె చాల పొడవు, బుద్ధికి మాత్రము ఆఱేండ్ల శిశువు. ఆ పక్షికి హూపర్ పేరు సరిగా పలుకరాదు. ఎప్పుడును ఒక యక్షరము మార్చి పిలుచును, ఆయన ఎప్పుడును సవరించును. 1982 డిసెంబరు 7వ తేదీన విల్ లీ గుండెపోటుతో మరణించెను.

నిర్మాతలు తొందరపడలేదు. పిల్లల మనస్తత్త్వము నెఱిగిన పండితులను సంప్రదించిరి. నార్మన్ స్టైల్స్ అను రచయిత కథ వ్రాసెను. ఆ భాగము 1983 నవంబరు 24వ తేదీన ప్రసారమైనది. అది అమెరికాలో కుటుంబములు ఒకచోట చేరి భోజనము చేయు పండుగ దినము. ఆనాడు తలిదండ్రులు ఇంటనుందురు. పిల్లలు ప్రశ్నలు వేసినచో బదులు చెప్పుటకు పెద్దలు ప్రక్కనుందురు. ఆ దినమును ఎన్నుకొనుటకు కారణమదియే. ఇంత చిన్న యాలోచన మన సంతాపసభలు జరుపువారికి ఏల కలుగదో!

కథ మిక్కిలి సామాన్యము. పక్షి తన స్నేహితులందఱి బొమ్మలను గీసి తెచ్చి, ఒక్కొక్కరికి ఒక్కొక్కటి పంచును. హూపర్ బొమ్మ మిగులును. ఆయన ఎక్కడ, వచ్చినపుడు ఇచ్చెదనని పక్షి యనును. చనిపోయినవారు తిరిగి రారని పెద్దలు నెమ్మదిగా చెప్పుదురు. ఎప్పటికిని రారా యని పక్షి మఱల యడుగును. రారు. మఱి నాకు గింజలు కలిపిన పాలు ఎవరిత్తురు, కథలు ఎవరు చెప్పుదురని పక్షి యేడ్చును. అంగడిని డేవిడ్ చూచుకొనును, పాలు అతడిచ్చును, కథలు మేమందఱమును చెప్పుదుమని వారందురు. అయినను మునుపటివలె ఉండదు గదా యని పక్షి యనును. ఉండదని వారొప్పుకొందురు. ఇట్లు ఏల జరుగవలెనని పక్షి యడిగినపుడు మాత్రము ఎవ్వరికిని బదులు తోచదు. కారణమేమియు లేదు, ఇది ఇంతే యని ఒకరు చెప్పుదురు. ఆ నటులు కార్చిన కన్నీరు నటన కాదని పిదప చెప్పిరి. బొమ్మలను గీసినవాడు కూడ ఆ పక్షివేషము ధరించిన కెరోల్ స్పిన్నీయే. చివరకు పక్షి తన వాడుక ప్రకారము హూపర్ పేరును తప్పుగా పలుకగా, ఆయన చేయవలసిన సవరణను వేఱొకరు చేయుదురు. నేను ఆ చోటును మూడు సారులు చూచితిని; మూడు సారులును లేచి పోయి మంచినీళ్ళు త్రాగవలసి వచ్చెను.

ఆ రచయిత చెప్పకుండ విడిచినవి కూడ గమనింపదగినవి. హూపర్ జబ్బుపడి చనిపోయెనని చెప్పలేదు. జ్వరము వచ్చిన ప్రతి పిల్లయు భయపడునని వారి తలంపు. ముసలితనము వలన చనిపోయెనని చెప్పలేదు. పసిపిల్లల కన్నులకు తలిదండ్రులును ముసలివారే. నిద్రపోయెనని చెప్పలేదు, అట్లు చెప్పినచో ఆ రాత్రి పిల్లలు కన్ను మూయుటకు జంకుదురు. చెప్పిన మాటలు కొన్నియే: చనిపోయెను, తిరిగి రాడు, మనకు దుఃఖముగా నున్నది, నిన్ను చూచుకొనుటకు మేమున్నాము. మా మిత్రునివంటి పదునాలుగేండ్ల వానికైనచో కారణమును కూడ చెప్పవలెను. వయస్సునుబట్టి మాటలు మాఱవలెను గాని, చెప్పకుండుట ఏ వయస్సునకును తగదు.

ఈ పద్ధతికి వ్యవధి కావలెనని కొందఱు ఆక్షేపింపవచ్చును. హూపర్ కథకు వారికి సుమారు ఒక యేడు చిక్కినది. అకస్మాత్తుగా జరిగినపుడు ఎవ్వరు సిద్ధముగా నుందురు? నిజమే. 1986 జనవరి 28వ తేదీన జరిగినది చూడుడు. క్రిస్టా మెకాలిఫ్ అను ఆమె అమెరికాలో న్యూహాంప్‌షైర్ రాష్ట్రమునందలి కాంకర్డ్ ఉన్నత పాఠశాలలో సాంఘికశాస్త్రము బోధించుచుండెను. అంతరిక్షమునకు ఒక ఉపాధ్యాయుని పంపదలచి దరఖాస్తులు కోరగా 11,000 మందికి పైగా దరఖాస్తు పెట్టిరి. వారిలో ఆమె యెన్నిక యైనది. అంతరిక్షమునుండి రెండు పాఠములు చెప్పుటకు ఏర్పాటు. ఆనాడు ఎన్నో బళ్ళలో పిల్లలను టెలివిజను ముందు కూర్చుండబెట్టి చూపించిరి. ఆమె బడిలోని పిల్లలు కాగితపు టోపీలు పెట్టుకొని, బూరలు ఊదుచు చూచుచుండిరి. బయలుదేఱిన 73 సెకనులకు 'చాలెంజర్' నౌక ఆకాశమున విచ్ఛిన్నమైనది. ఏడుగురును మరణించిరి. ఆమె వయస్సు 37 సంవత్సరములు.

టెలివిజను ఉపాధ్యాయిని మరణమును నాటకముగా గాక, ఉన్నదున్నట్లుగా పిల్లల కన్నుల ముందు చూపినది అప్పుడే. ఆ తరగతి గదులలోని ఉపాధ్యాయులకు ముందుగా చెప్పిపెట్టినవారెవ్వరును లేరు. నలువది దినములకు, మార్చి 9వ తేదీన, 'పంకీ బ్రూస్టర్' అను బాలల ధారావాహికలో దీనిని కథగా చేసిరి. వ్యోమగామి కావలెనని కోరుకొను ఒక బాలిక తన తరగతిలో కూర్చుండి ఆ ప్రమాదమును చూచి, ఆ కోరికయే మానుకొనును. 1969లో చంద్రునిపై నడచిన బజ్ ఆల్డ్రిన్ తన నిజరూపముతోనే ఆ కథలోనికి వచ్చి పిల్లతో మాటలాడును. కళాదృష్టితో చూచినచో అది గొప్ప నాటకమని చెప్పజాలను. పెద్దలు పిల్లకు ధైర్యము చెప్పుటకు కొంచెము తొందరపడినారనియే నా యభిప్రాయము. కాని నలువది దినములలో పిల్లలతో ఆ మాట ఎత్తిరి. మా బడిలో సంవత్సరములు గడచినను ఎత్తలేదు.

క్రిస్టా తరువాతి స్థానమున ఎన్నికయై, ఆమెతోపాటు శిక్షణ పొందిన బార్బరా మోర్గన్ అను ఉపాధ్యాయిని, ప్రమాదము జరిగిన పిమ్మట ఐడహో రాష్ట్రమునందలి తన బడికి మరలిపోయి పాఠములు చెప్పుకొనెను. తరువాత పూర్తి శిక్షణ పొంది 2007 ఆగస్టులో అంతరిక్షమునకు వెళ్ళెను. ఒకరి తరువాత ఆ స్థానమునకు వచ్చువారి కష్టమును 'ఫేమ్' ఒక గంటలో చూపినది. ఈమె దానిని ఇరువది యొక్క యేండ్లు మోసినది. క్రిస్టా చెప్పదలచి చెప్పని పాఠములలో కొన్నింటిని 2018లో ఆకబా, ఆర్నల్డ్ అను ఇద్దఱు వ్యోమగాములు అంతరిక్ష కేంద్రమునుండి చేసి చూపిరి. ఆ యిద్దఱును అంతకు మునుపు ఉపాధ్యాయులే.

ఈ సంగతి చదివినపుడు నాకు మా వ్యాసరచన పుస్తకములు జ్ఞప్తికి వచ్చినవి. పండితులవారు పోయిన మూడవ నెలలో, వారి యింటివారు ఆ పుస్తకములను ఒక గుడ్డలో మూటగట్టి తెచ్చి బడిలో ఇచ్చిరి. తెలుగు లిపి తెలియని ఒక మాస్టరు అట్టలపైనున్న అంకెలను చూచి, పిలిచి, పంచిపెట్టిరి. మేము ముప్పది యెనిమిదిమందిమి. మొదటి పదునైదు పుస్తకములలో ఎఱ్ఱ సిరాతో దిద్దుబాటులు కలవు. పదునాఱవ దానిలో సగము పుట వరకు కలవు. తరువాత లేవు. నాది ఇరువది రెండవది. దిద్దినవారును, దిద్దనివారును ఒకరి పుస్తకమును ఒకరు తీసికొని చూచుచుంటిమి. అంతలో ఆ మాస్టరు బల్లపై చఱచి, పుస్తకములు లోపల పెట్టుడని చెప్పిరి. ఆ పదునాఱవ పుస్తకమును తరగతిలో అందఱకును చూపి, "వీరు ఇంతవరకు దిద్దినారు, మిగిలినది నేను దిద్దెదను" అని ఎవ్వరైన నొకరు చెప్పియుండినచో, మాకు వేఱొక సంతాపసభ అక్కఱలేకపోయెడిది. ఆ మాస్టరును నేను తప్పు పట్టను. ఆయనకు అక్షరములే తెలియవు. మాతో ఏమి మాటలాడవలెనో ఆయనకును ఎవ్వరును చెప్పియుండరు.

కనుక ఆ తల్లికి నా బదులు ఇది: అమ్మా, చూపవచ్చును. కాని ఫోను పిల్లల చేతికిచ్చి మనము వంటయింటిలో నుండి చూపరాదు. ఆ నాటకములన్నియు ఆంగ్లములో నున్నవి. మన పిల్లలకు సగము అర్థమగును, సగము కాదు. అర్థము కాని సగమును భయముతో నింపుకొందురు. ప్రక్కన కూర్చుండి, నిలిపి నిలిపి, మన యింటి మాటలలో చెప్పవలెను. పిల్ల ఏడ్చినచో ఏడ్వనీయవలెను. మనకు బదులు తెలియని ప్రశ్న వేసినచో తెలియదనవలెను. ఆ వీథిలోని పెద్దలకును తెలియలేదు గదా. ఒక పూట అన్నము మానిన పిల్లను గూర్చి నాకు బెంగ లేదు. మా మిత్రుడు ఒక పూటయు అన్నము మానలేదు.

ఉపాధ్యాయులకును ఒక మాట మనవి చేయవచ్చునేమో. ఇట్టి వార్తను చెప్పవలసివచ్చినపుడు మొదట సెలవు మాట చెప్పకుడు. తరగతి తరగతికి, తెలిసిన ఉపాధ్యాయుడు వెళ్ళి, పిల్లల భాషలో చెప్పుడు. సెలవు తరువాత ఇయ్యవచ్చును. ఇయ్యకున్నను నష్టము లేదు.

ఈ వ్యాసము వ్రాయబూనినపుడు ఆ తల్లిని మఱల కలిసికొని, ఆమె యనుమతి యడిగితిని. ఆమె యిచ్చెను. అప్పుడామె సమావేశమున చెప్పని సంగతి యొకటి చెప్పెను. ఆనాడు హాజరువేళ ఆ పిల్ల యడిగిన ప్రశ్నకు తరగతి యంతయు గొల్లుమన్నదట. మాస్టరుగారు నవ్వలేదట. హాజరు పుస్తకమును మూసి, "కులాసాగానే యున్నాను, తల్లీ. నిన్న రాత్రి ఏమి చూచితివి?" అని యడిగి, ఆ పిల్ల చెప్పుచున్నంతసేపును వినిరట. ఆనాడు గణితములో ఒక్క లెక్క మాత్రమే చేసిరట.